మరి ఆ ఊరివాళ్ల సంగతేంటి?

మార్వెల్ వాళ్ల సూపర్ హీరో సిరీస్ వాండావిజన్ తొమ్మిది ఎపిసోడ్లూ ఒకే వారాంతంలో చూసేశానని రాశారు. ఆఖరి ఎపిసోడ్‌లో పిల్లల్ని పడుకోబెట్టే సీన్ దగ్గర ఏడుపు ఆగలేదని, తెల్లారి పెరుంగుడి ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే మాత్రం ఎవరో మోసం చేసినట్టు చిరాకేసిందని కూడా రాశారు. మీ టీమ్‌లో సగం మంది అద్భుతం అంటున్నారట, మిగతా సగం సోది అంటున్నారట. "ఇంతకీ ముగింపు బాగున్నట్టా, చెడినట్టా? లేక నాకే అర్థం కాలేదా?" అన్నది మీ ప్రశ్న.

మీకు బాగానే అర్థమైంది. ఆ ఎపిసోడ్‌లో రెండు ముగింపులు ఉన్నాయి. ఒకటి ఇంటి లోపల జరిగేది, రెండోది నడివీధిలో జరిగేది. మొదటిది మిమ్మల్ని ఏడిపించింది. రెండోది బస్సెక్కాక గుర్తొచ్చింది.

నేను చెన్నై సాలిగ్రామంలో ఇరవై ఏళ్లకు పైగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఎక్కువగా తెలుగు డైలీ సీరియళ్లు, తమిళం నుంచి డబ్ అయ్యేవి. మార్వెల్ గురించి నాకన్నా మా అమ్మాయికే ఎక్కువ తెలుసు. కానీ నడుస్తున్న కథకి శుభం కార్డు వేయడం అనే పని నేను చాలాసార్లు చేశాను, చేసి తిట్లు తిన్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. సిరీస్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా బయటపెడుతున్నాను. తను ప్రేమించిన యంత్రమానవుడు విజన్ చనిపోయాక, వెస్ట్‌వ్యూ అనే ఊరి చుట్టూ మాయగోడ కట్టి, ఊరివాళ్లని తన టీవీ సీరియల్‌లో పాత్రల్ని చేసి, మాయతోనే విజన్‌నీ కవల పిల్లల్నీ సృష్టించుకున్న వాండా కథ ఇది.

2021 మార్చి 5, శుక్రవారం. మన టైములో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి హాట్‌స్టార్‌లో ఆఖరి ఎపిసోడ్ పడింది. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో క్లాసు, ఆన్‌లైన్ చదువులు. జనవరి 15న మొదటి రెండు ఎపిసోడ్లు వచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో అదే పండగ. నేను షిఫ్ట్ నుంచి వచ్చేదాకా ఆగమని బతిమాలాను, ఆగింది పాపం. రాత్రి ఇద్దరం కూర్చున్నాం. మా ఆవిడకి ఈ సూపర్ హీరోల గొడవ బొత్తిగా పట్టదు. అంతకు ముందు వారం ఎపిసోడ్ మాత్రం అన్నం కంచం పట్టుకుని మాతోపాటు చూసింది, అదీ మధ్యలో లేచిపోకుండా. ఆఖరిది కూడా చూసింది. అయిపోయాక మేమిద్దరం కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ ఒకటే అడిగింది: "బాగానే ఉంది గానీ, మరి ఆ ఊరివాళ్ల సంగతేంటి?"

మీరు రాసిన పేజీన్నర చిరాకు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ముందు ఏడ్చిన భాగం గురించి. ఈ సిరీస్‌లో నిజమైన క్లైమాక్స్ ఎనిమిదో ఎపిసోడ్‌లోనే ఉంది. వాండా పుట్టిన దేశం సొకోవియాలో చిన్న ఫ్లాట్, అమ్మా నాన్నా, కవల అన్న పియెట్రో, టీవీలో పాత అమెరికన్ కామెడీ సీరియల్. నాన్న అలాంటి డీవీడీలు అమ్ముతుంటాడు. అంతలో బాంబు పడుతుంది. టీవీ మాత్రం ఆడుతూనే ఉంటుంది. మొదటి ఎపిసోడ్ 50ల నాటి నలుపు-తెలుపు కామెడీలా ఎందుకుంది, తర్వాతవి ఒక్కో దశాబ్దం ముందుకి ఎందుకు జరిగాయి అన్నదానికి జవాబు అక్కడ దొరుకుతుంది. ఆ పిల్లకి ఇల్లు అంటే ఎలా ఉండాలో టీవీ నేర్పింది. విజన్ చనిపోయాక, అతను ఇద్దరి కోసం కొన్న ఖాళీ స్థలంలో మోకాళ్ల మీద కూలబడి తనకి తెలిసిన ఇల్లు కట్టుకుంది. ఇటుకలూ సిమెంటుతో కాదు, దుఃఖంతో.

ఇక్కడ సొంత గోల ఒకటి చెప్పుకోనివ్వండి. మా అమ్మ పోయాక నాన్న నెల్లూరులో ఒక్కడే ఉండేవాడు. అమ్మ రోజూ చూసే సీరియల్ ఒకటుండేది. నాన్నకి సీరియళ్లంటే పడదు. అయినా అమ్మ పోయాక ఆ టైముకి టీవీ పెట్టి, అమ్మ కుర్చీ పక్కన తన కుర్చీ వేసుకుని చూసేవాడు. అది నేను ఎడిట్ చేస్తున్న సీరియలే. ఉన్నట్టుండి ఒకరోజు చానల్ నుంచి కబురు, రెండు వారాల్లో ముగించేయమని. పన్నెండు ఎపిసోడ్లలో ఉన్న ట్రాకులన్నీ మూసేయాలి. విలన్‌ని జైలుకి పంపాం, తప్పిపోయిన పిల్లాణ్ని తల్లి దగ్గరికి చేర్చాం, అందర్నీ ఓ ఫోటోకి నిలబెట్టి శుభం వేశాం. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఆ వంటింట్లో పనిచేసే అమ్మాయి ఏమైందిరా? దానికి కాలు విరిగిందిగా?" అన్నాడు. అమ్మకి ఆ పాత్ర ఇష్టం. మేము ఆ అమ్మాయి సంగతి మర్చిపోయాం. టైమ్‌లైన్‌లో ఎక్కడా లేదు.

అందుకే వాండా ఇంటిని నేను మామూలు ప్రేక్షకుడిలా చూడలేకపోయాను. మాయ ముడుచుకుంటూ ఇంటివైపు వస్తుంటే నలుగురూ నడుచుకుంటూ ఇంటికెళ్లడం, పిల్లలకి దుప్పటి కప్పడం, వాళ్ల అమ్మనయ్యే అదృష్టం ఇచ్చినందుకు వాళ్లకే థాంక్స్ చెప్పడం, కింద హాల్లో విజన్ తానెవరని అడగడం. సరిగ్గా చూడండి, అక్కడ పెద్ద సంగీతం లేదు, వేగం లేదు. ఇద్దరు మనుషులు, ఒక దీపం, వీధి చివరి నుంచి వచ్చే ఎర్రటి గోడ. చివరికి ఖాళీ స్థలం, మధ్యలో వాండా ఒక్కతే. ఎలిజబెత్ ఓల్సెన్, పాల్ బెటనీ ఇద్దరూ గొంతు కూడా పెంచలేదు. దర్శకుడు మాట్ షాక్‌మన్ తొందరపడలేదు. ఇరవై ఏళ్లలో నేను కత్తిరించిన అన్ని క్లైమాక్సులూ కలిపినా ఆ హాలు సీన్‌కి సాటిరావు. రచయిత్రి జాక్ షేఫర్ ప్రేక్షకుడికి మొదటి ఎపిసోడ్ నుంచి ఇచ్చిన మాట అది, తప్పలేదు. మీరు ఏడవడం న్యాయమే.

ఇక వీధి ముగింపు. ఎడిటర్‌గా నా ఫిర్యాదు ముందు చెబుతాను, అది చిన్నదే. ఆకాశంలో వాండా, పక్కింటావిడ వేషంలో వచ్చిన మంత్రగత్తె అగాథా ఎరుపూ ఊదా మెరుపులు విసురుకుంటుంటారు. మరో పక్క వాండా మాయతో పుట్టిన విజన్, చనిపోయిన విజన్ ఒంటితో తయారుచేసిన తెల్ల విజన్ కొట్టుకుంటుంటారు. ఒక ఇంట్లో ప్రభుత్వ ఏజెంటు మోనికా, పియెట్రోనంటూ వచ్చిన ఆ నకిలీ అన్న. వీధిలో మోనికా పై అధికారి హేవర్డ్ మనుషులు. నాలుగు గొడవల్ని ఒకదాన్లోంచి ఒకటి కోసుకుంటూ పోతే దేనికీ ఊపిరి ఉండదు. శాస్త్రవేత్త డార్సీనే తీసుకోండి. నాలుగో ఎపిసోడ్ నుంచీ అంత సరదాగా నడిచిన పాత్ర, ఆఖర్న లారీతో వచ్చి హేవర్డ్ బండిని ఒక్క గుద్దు గుద్ది మాయం. సీరియల్ ముగిసే వారంలో డేట్స్ దొరకని ఆర్టిస్టుని మేము ఎలా సర్దుతామో అచ్చం అలాగే ఉంది. నిజంగా డేట్సే కారణమని అనడం లేదు, చూడ్డానికి అలా ఉందంటున్నాను. 2020 మార్చిలో కోవిడ్ వల్ల షూటింగ్ ఆగి, నెలల తర్వాత మళ్లీ మొదలైన సిరీస్ ఇది. ఆ కష్టం ఏంటో ఆ ఏడాది ఏ స్టూడియోలో పనిచేసినవాణ్ని అడిగినా చెబుతాడు.

ఆ కొట్లాటల్లో ఒక్కటి మాత్రం బంగారం. లైబ్రరీలో ఇద్దరు విజన్లు గుద్దులాట ఆపి మాట్లాడుకోవడం. ఓడకి ఒక్కో చెక్కా మారుస్తూ పోతే, అన్నీ మారాక అది పాత ఓడేనా? తీసేసిన పాత చెక్కలతో ఇంకోటి కడితే అసలైనది ఏది? గ్రీకుల నాటి థీసియస్ ఓడ చిక్కు ఇది. సూపర్ హీరో కథలో గొడవ తర్కంతో తీరడం ఎంత అరుదు! తెల్ల విజన్ జ్ఞాపకాలు తిరిగొచ్చి, తానే విజన్‌నని చెప్పి ఎగిరిపోతాడు. ఎక్కడికి? ఎపిసోడ్ అయిపోయేదాకా ఎవరూ ఆ మాటే ఎత్తరు. మా ఇంట్లో ఈ విషయంలో పెద్ద రభస జరిగింది. "భర్త ఒంటి మనిషి బతికే ఉన్నాడు కదా, ఈ పిల్ల ఒంటరిగా కొండల్లోకెళ్లి కూర్చోవడం ఏంటి?" అని మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

మీ స్నేహితులు "సోది" అనడానికి ఇంకో కారణం ఎదురుచూపు. మీరు రెండు రోజుల్లో చూసేశారు కాబట్టి ఇది మీకు అంతగా అంటలేదు. మేము ఎనిమిది వారాలు చూశాం. శుక్రవారానికీ శుక్రవారానికీ మధ్య ఆరు రోజులు ఖాళీ, ఆ ఆరు రోజులూ ప్రతివాడూ రచయితే. మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్నిండా ఊహలే. అసలు విలన్ మెఫిస్టో అనే దెయ్యమట, కామిక్స్‌లో ఆ కవల పిల్లలకీ వాడికీ లంకె ఉందట. మోనికా చెప్పిన ఇంజనీరు ఫెంటాస్టిక్ ఫోర్ హీరో రీడ్ రిచర్డ్స్ అట. పాల్ బెటనీ కూడా ఎప్పట్నుంచో కలిసి నటించాలనుకున్న నటుడితో పనిచేశానని ఊరించాడు. తీరా చూస్తే అది తెల్ల విజన్, అంటే తనే. మంచి జోకు, నేను నవ్వాను. ఆ ఇంజనీరు ఓ మామూలు మిలిటరీ ఆఫీసరు. మెఫిస్టో రాలేదు. ఈ నిరాశకి సిరీస్‌ని తప్పుపట్టలేం. వాళ్లు పెట్టని విందుకి మనమే ఆకులు వేసుకుని కూర్చున్నాం.

పియెట్రో సంగతి అలా కాదు. అక్కడ ఆకు వేసింది వాళ్లే. ఫాక్స్ వాళ్ల ఎక్స్-మెన్ సినిమాల్లో అదే పాత్ర వేసిన ఈవన్ పీటర్స్‌ని తీసుకొచ్చి వాండా గుమ్మం ముందు నిలబెట్టారు. 2019లో డిస్నీ ఫాక్స్‌ని కొనేసిందని తెలిసినవాళ్లకి అది మామూలు క్యాస్టింగ్ కాదు, ఓ వాగ్దానం. చివరికి అతను రాల్ఫ్ బోనర్ అనే పక్కింటి కుర్రాడని, ఆ ఇంటిపేరు కూడా ఓ బూతు జోకని తేలింది. ఫలానా నటుడు తెర మీదికి రావడమే ప్రేక్షకుడికి ఒక కబురు. ఆ కబురు పంపి, అబ్బే ఊరికే అన్నాం అంటే జనానికి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

మార్వెల్ మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ రాలేదని బాధపడేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ముందు అతన్ని తీసుకురావాలనే అనుకున్నామని, తర్వాత మానుకున్నామని మార్వెల్ స్టూడియో పెద్ద కెవిన్ ఫైగీయే ఓ ఇంటర్వ్యూలో చెప్పాడు. మంచి పని చేశారు. ఆఖరి పది నిమిషాల్లో ఓ పెద్దాయన దిగి, ఇలా చేయాలమ్మా అని ఆమెకి పాఠం చెబితే అంతవరకూ చూసిందంతా వృథా అయ్యేది.

ఇప్పుడు అసలు చిరాకుకి వద్దాం. ఆ ఎపిసోడ్ మధ్యలో అగాథా ఊరివాళ్ల మీద మాయని కాసేపు తీసేస్తుంది. కూడలిలో జనం వాండా చుట్టూ మూగుతారు. మీకు గుర్తుందా, డాటీ అనే ఆ దర్జా మనిషి తన అసలు పేరు చెప్పి, ఎనిమిదేళ్ల కూతురు గదిలోనే ఉండిపోయిందని, దాన్ని బయటికి రానివ్వమని ప్రాధేయపడుతుంది. కావాలంటే మీ పిల్లలకి స్నేహితురాలిగా ఏదో ఒక వేషం ఇవ్వమంటుంది. ఇన్ని రోజులుగా ఓ తల్లి తన కూతుర్ని చూడలేదు! నిద్రపోతే నీ పీడకలలే మాకొస్తున్నాయంటారు ఇంకొందరు. వదలకపోతే చంపేయమంటారు. ఎనిమిది ఎపిసోడ్లు మనం నవ్వుకుంటూ చూసిన తోలుబొమ్మలాటలో బొమ్మలకి ప్రాణం ఉందని, అవి లోపల అరుస్తూనే ఉన్నాయని తెలిసిన క్షణం అది. సిరీస్ మొత్తంలో నాకు భయమేసిన చోటు అదొక్కటే.

మన ఆదిపర్వంలో రురుడి కథ ఉంది. పెళ్లి చేసుకోబోయే ప్రమద్వర పాము కాటుతో చనిపోతుంది. రురుడు ఏడుస్తుంటే, నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె బతుకుతుందంటాడు దేవదూత. ఇస్తాడు, ఆమె లేచి కూర్చుంటుంది. చాలామందికి కథ ఇక్కడిదాకే గుర్తుంటుంది. ఆ తర్వాతి సంగతి నాకు ఇంకా ఇష్టం. ప్రమద్వర బతికొచ్చినా రురుడి కోపం చల్లారదు. కర్ర పట్టుకుని కనిపించిన పామునల్లా చంపుతూ తిరుగుతాడు. ఒకరోజు డుండుభం అనే విషం లేని పాము మీద కర్ర ఎత్తితే, నేను నీకేం అపకారం చేశానని అది అడుగుతుంది. కర్ర ఆగిపోతుంది.

వెస్ట్‌వ్యూ కూడలిలో జనం అడిగింది అదే. రురుడు తన ఆయుష్షు ఇచ్చాడు. వాండా మాత్రం తన దుఃఖం తీరడానికి ఊరివాళ్ల ఆయుష్షు వాడేసింది, మొదట్లో తెలియకే కావచ్చు. ఆ ప్రశ్న విన్నాక ఏం జరిగింది? ఆమె గోడ తెరిచింది, భర్తా పిల్లలూ ముక్కలైపోతుంటే మళ్లీ మూసేసింది. అక్కడిదాకా కూడా బాగుంది, ఏ తల్లైనా అదే చేస్తుంది. ఆ వెంటనే ఆకాశంలో మెరుపులు మొదలయ్యాయి. ఊరివాళ్లు ఫ్రేములోంచి వెళ్లిపోయారు.

చివర్లో మాయ పోయాక వాండా ఆ వీధి గుండా నడుస్తుంది. జనం కోపంగా చూస్తారు, ఒక్కరికీ డైలాగు లేదు. మోనికా ఎదురొచ్చి, నువ్వు వీళ్ల కోసం ఏం వదులుకున్నావో వీళ్లకి ఎప్పటికీ తెలియదన్న అర్థం వచ్చే మాట అంటుంది. మీకు బస్సులో చిరాకు తెప్పించింది ఈ మాటేనని నా అనుమానం. దొంగ తను ఎత్తుకెళ్లిన నగ తిరిగిచ్చేస్తే, పాపం ఎంత త్యాగం అన్నట్టుంది. వాండా క్షమించమని అంటుంది, అదీ మోనికాతో. డాటీతో కాదు. తర్వాత ఎగిరిపోతుంది. గదిలో ఉన్న ఆ పాప బయటికొచ్చి తల్లిని వాటేసుకున్న షాట్ ఒక్కటి, మూడు సెకన్లు చాలు, ఎక్కడా లేదు. నా చేతిలో ఆ టైమ్‌లైన్ ఉంటే మెరుపుల్లో రెండు నిమిషాలు కోసి ఆ మూడు సెకన్లు పెట్టేవాణ్ని. షూట్ చేసి ఉంటేనే అనుకోండి.

మా ఆవిడా నేనూ గమనించని ఇంకో సంగతి మా అమ్మాయి పట్టుకుంది. ఊరందరి బుర్రల్నీ గుప్పిట్లో పెట్టుకోవడం తప్పని తెలిశాక కూడా వాండా అగాథాని ఏం చేసింది? మళ్లీ ఆ నవ్వుల పక్కింటావిడ ఆగ్నెస్‌గా మార్చి, ఆ ఊళ్లోనే వదిలేసి పోయింది. అదే నేరం, అదే వీధి. విలన్ కాబట్టి చెల్లిపోయింది. ఆ ఊరివాళ్లకి మాత్రం రోజూ పక్కింట్లో ఆ గుర్తు. (2024లో అగాథాకి సొంత సిరీస్ వచ్చినప్పుడు కథ ఈ మాయ వదలడంతోనే మొదలైంది.)

ఈ లెక్క తేల్చకుండా వదిలేయడం వల్ల తర్వాత ఏమైందో మీకు తెలుసు. టైటిల్స్ అన్నీ అయ్యాక కొండల్లో చిన్న ఇల్లు, లోపలి గదిలో వాండా మంత్రాల పుస్తకం చదువుతూ ఉంటుంది, ఎక్కడినుంచో పిల్లల గొంతులు. అంటే హాల్లో విజన్‌కి చెప్పిన వీడ్కోలు అంత తేలిగ్గా పూర్తికాలేదన్నమాట. 2022 మే నెలలో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమా వచ్చింది. అందులో ఆమే విలన్, పిల్లల కోసం ఎవరినైనా చంపుతుంది. సిరీస్‌లో ఆమె కోలుకుందని నమ్మినవాళ్లు గొల్లుమన్నారు. నాకు అంత ఆశ్చర్యం వేయలేదు. ఊరివాళ్ల ముందు ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయిన మనిషి కోలుకుందని నేను మొదటే నమ్మలేదు.

ఈసారి టీమ్‌లో వాదన వస్తే ఏదో ఒక పక్షం ఎంచుకోకండి. ఇంటి ముగింపుకి వందకి వంద వేయండి, వీధి ముగింపుకి ముప్పై ఐదు వేయండి. రెండూ కలిపి సగటు తీయమంటే తీయనని చెప్పండి. నేను ఇప్పటికీ తీయలేదు.

వీలైతే ఒక పని చేయండి. ఆఖరి ఎపిసోడ్ మళ్లీ చూడొద్దు, మొదటిది చూడండి. దాన్ని నిజంగానే ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, 50ల నాటి పద్ధతిలో తీశారు. ఎడిటింగ్ నేర్చుకునే కుర్రాళ్లకి నేను అందులోని భోజనం సీన్ చూపిస్తుంటాను. విజన్ బాస్ హార్ట్ గారు గొంతులో ముద్ద అడ్డుపడి కింద పడతాడు. అప్పటిదాకా ప్రతి మాటకీ వినిపిస్తున్న నవ్వులు ఆగిపోతాయి. దూరం నుంచి నాటకంలా చూస్తున్న కెమెరా ఒక్కసారిగా ముఖాల దగ్గరికి వెళ్తుంది. హార్ట్ గారి భార్య నవ్వుతూనే "ఆపు" అంటుంది. మళ్లీ "ఆపు". అదే మాట అంటూనే ఉంటుంది, పెదవులు నవ్వుతూ, కళ్లు మాత్రం బెదిరిపోయి. మొదటిసారి చూసినప్పుడు భర్తతో అంటోందనుకున్నాను.

ఆ ఆదివారం మా అమ్మాయి మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మా ఆవిడ సరిగ్గా ఆ సీన్ దగ్గర నిలబడిపోయింది.

"ఈవిడ చివర్లో ఆ గుంపులో ఉంది కదే," అంది మా అమ్మాయితో. "మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉందన్నమాట."